‘ఏ’ అంటే ఒక్క అర్థమే కాదు: హాథార్న్ కథల్లో గుర్తులు ఎలా పనిచేస్తాయి

ఎంఏ ఇంగ్లిష్ చదివిన వాళ్లలో చాలామందికి అమెరికన్ లిటరేచర్ పేపర్‌లో ఈ ప్రశ్న తగిలే ఉంటుంది, అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ నవల ‘ద స్కార్లెట్ లెటర్’లో సింబాలిజం, అంటే గుర్తుల గురించి రాయండి అని. మేమంతా గైడ్‌లో ఉన్నది బట్టీ పట్టి రాసేవాళ్లం. హీరోయిన్ హెస్టర్ గుండెల మీద కుట్టుకున్న ఏ అక్షరం అంటే అడల్టరీ, వ్యభిచారం, ఆమె కూతురు పెర్ల్ అంటే పాపానికి ప్రాణం వచ్చిన రూపం, అడవి అంటే స్వేచ్ఛ, ఊరు అంటే చట్టం, జైలు గుమ్మం పక్కన గులాబీ పొద అంటే ప్రకృతి దయ. ఎడమవైపు వస్తువు, కుడివైపు అర్థం, చిన్నప్పుడు జతపరచండి అని ఇచ్చేవాళ్లే అలా అన్నమాట. మార్కులూ బాగానే పడేవి. చాలా ఏళ్ల తర్వాత పరీక్ష భయం లేకుండా నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మెల్లగా చదివితే అప్పుడు తెలిసింది, అడల్టరీ అన్న మాట ఆ నవల్లో ఒక్కసారి కూడా లేదు. ఆ అక్షరం వందసార్లు కనపడుతుంది, దాని పూర్తి మాట మాత్రం రచయిత ఎక్కడా పలకడు. అంత జాగ్రత్తగా దాచిన మాటని మనం మొదటి లైన్‌లోనే రాసేసి వచ్చాం.

అప్పటినుంచి నథానియల్ హాథార్న్‌ని చదివే పద్ధతే మారిపోయింది నాకు. ఆయన కథలో ఒక వస్తువు కనపడగానే దీని అర్థం ఏంటి అని అడిగితే చిక్కుల్లో పడతాం, దీన్ని ఎవరు చూస్తున్నారు, వాళ్లకి ఇందులో ఏం కనపడుతోంది అని అడిగితే మాత్రం కథ దానంతటదే విచ్చుకుంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది అదే, కాకపోతే దానికి ముందు ఆయన ఊరి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఊరు తెలియకపోతే ఈ పాపాలు, శిక్షలు, ముసుగులు అన్నీ ఎక్కడినుంచి వచ్చాయో అంతుపట్టదు.

ఆ ఊరు సేలం, మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున. హాథార్న్ 1804 జులై 4న అక్కడే పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్, పిల్లవాడికి నాలుగేళ్లు కూడా నిండకముందే 1808లో దూరాన సురినామ్‌లో జ్వరం వచ్చి పోయాడు. అయితే హాథార్న్‌ని జీవితాంతం వెంటాడింది తండ్రి కాదు, అంతకంటే వెనక తరాలు. విలియం హాథార్న్ అని వాళ్ల వంశంలో అమెరికా వచ్చిన మొదటివాడు, 1630లో వచ్చాడు, కరడుగట్టిన ప్యూరిటన్, అంటే కఠిన నియమాల క్రైస్తవ శాఖవాడు, క్వేకర్లు అనే ఇంకో క్రైస్తవ శాఖ వాళ్లని కొరడాలతో కొట్టించాడని పేరు. ఆయన కొడుకు జాన్ హాథార్న్ 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణల్లో మేజిస్ట్రేటు, జడ్జి. ఆ కేసుల్లో 19 మందిని ఉరితీశారు, ఇంకొక ముసలాయనని మీద బండరాళ్లు పేర్చి చంపారు. అదే కోర్టులో కూర్చున్న సామ్యుయెల్ సీవాల్ అనే జడ్జి 1697లో చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి తన తప్పుని చదివించుకుని విన్నాడు. జాన్ హాథార్న్ అలాంటిదేమీ చెయ్యలేదు. చెయ్యని ఆ పశ్చాత్తాపం నాలుగు తరాలు దాటి ఈ రచయిత నెత్తిన పడిందని నాకనిపిస్తుంది, ఆయనే ‘ద స్కార్లెట్ లెటర్’ ముందుమాటలో ఆ పూర్వీకుల తరఫున సిగ్గు నేను తీసుకుంటున్నాను, వాళ్లు తెచ్చిన శాపం ఏదైనా ఉంటే ఇకనైనా తొలగిపోవాలి అన్న అర్థంలో రాసుకున్నాడు. ఇంటిపేరు స్పెల్లింగులో డబ్ల్యూ అక్షరం కలుపుకున్నది కూడా ఈయనే.

ఇది తెలిసి ‘యంగ్ గుడ్‌మ్యాన్ బ్రౌన్’ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 1835లో వచ్చిన చిన్న కథ. సేలంలో కొత్తగా పెళ్లయిన కుర్రాడు బ్రౌన్, భార్య పేరు ఫెయిత్, అంటే విశ్వాసం, తలమీద టోపీకి గులాబీరంగు రిబ్బన్లు. ఒక రాత్రి ఆమె వద్దంటున్నా వినకుండా అడవిలోకి ఏదో పనిమీద బయల్దేరతాడు, అక్కడ పాములా మెలికలు తిరిగిన కర్ర పట్టుకున్న ఒక పెద్దమనిషి ఎదురవుతాడు. మా ఇంట్లో ఎవరూ ఇలాంటి పనికి రాలేదండీ అంటాడు బ్రౌన్. అయ్యో, మీ తాత ఒక క్వేకర్ ఆడమనిషిని సేలం వీధుల్లో కొరడాతో కొట్టించినప్పుడు సాయం చేసింది నేనే కదా, మీ నాన్న ఇక్కడి ఆదివాసీల (అమెరికన్ ఇండియన్ల) పల్లెకి నిప్పు పెట్టినప్పుడు కాగడా అందించింది కూడా నేనే అంటాడు ఆ పెద్దమనిషి. కథలో తాత ఎవరో కాదు, హాథార్న్ సొంత వంశం. అడవిలో కనపడే మనుషుల పేర్లు క్లాయిస్, కోరీ, క్యారియర్, ఇవి 1692లో నిజంగా నింద మోసినవాళ్ల ఇంటిపేర్లు. అంటే తన ముత్తాతలు ఎవరిమీద నింద వేశారో వాళ్లనే మళ్లీ తెచ్చి ఇంకొక అమాయకుడి కళ్లముందు మంత్రగత్తెలుగా నిలబెట్టాడు, ఇప్పుడు నువ్వు నమ్ముతావా చెప్పు అని పాఠకుణ్ణి పరీక్షించినట్టు.

ఇక ఆ రిబ్బన్ సంగతి. అడవిలో నడిరాత్రి ఆకాశం నుంచి ఒక గులాబీరంగు రిబ్బన్ రాలి కొమ్మకి చిక్కుకుంటుంది, బ్రౌన్ దాన్ని చేత్తో పట్టుకుని నా ఫెయిత్ పోయింది అని కేక పెడతాడు, భార్యా పోయింది విశ్వాసమూ పోయింది రెండూ ఒకే మాటలో. మర్నాడు పొద్దున ఊళ్లోకొస్తే భార్య సంతోషంతో పరిగెత్తుకుంటూ ఎదురొస్తుంది, తలమీద అవే రిబ్బన్లు! మరి రాత్రి చేతికి దొరికింది ఏంటి? బ్రౌన్ అడవిలో నిద్రపోయి కల కన్నాడా అని కథకుడు మనల్నే అడుగుతాడు, సరే మీకు అలా అనుకోవాలనిపిస్తే అనుకోండి అని వదిలేస్తాడు. కానీ బ్రౌన్ ఆ రోజు నుంచి ఎవరినీ నమ్మలేక, భార్య పక్కలోంచి కూడా ఉలిక్కిపడి ముడుచుకుని, చచ్చేదాకా చీకట్లోనే బతుకుతాడు. రిబ్బన్ అంటే పవిత్రత అని రాసేస్తే సరిపోదు ఇక్కడ. అది ఉందో లేదో కూడా తెలియని సాక్ష్యం. సేలం కోర్టులో కూడా ఫలానా మనిషి ఆత్మరూపం నాకు కనపడి పీడించింది అన్న మాటనే సాక్ష్యంగా తీసుకుని మనుషుల్ని ఉరికంబం ఎక్కించారు కదా, బ్రౌన్ తన మనసులో చేసింది అదే విచారణ, ఈసారి ముద్దాయి ఊరు ఊరంతా.

ఇప్పుడు పెద్ద నవలకి వద్దాం. 1849లో హాథార్న్‌కి సేలం కస్టమ్స్ ఆఫీసులో సర్వేయర్ ఉద్యోగం పోయింది, ప్రభుత్వం మారితే పాత పార్టీ మనుషుల్ని తీసేశారు, అదే ఏడాది జులైలో తల్లి చనిపోయింది, ఆ దుఃఖంలో కూర్చుని రాసిన పుస్తకం ఇది. 1850 మార్చిలో వచ్చింది, మొదటి 2,500 కాపీలు పది రోజుల్లో అయిపోయాయి. చివరి భాగం భార్య సోఫియాకి చదివి వినిపిస్తే ఆమె తట్టుకోలేక తలనొప్పితో వెళ్లి పడుకుందని స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

కథ 1640ల బోస్టన్‌లో. హెస్టర్ ప్రిన్ అనే యువతి, భర్త ఆచూకీ లేదు, చేతిలో మూడు నెలల పాప. శిక్షగా ఎర్రగుడ్డతో చేసిన ఏ అక్షరాన్ని జీవితాంతం గుండెల మీద కుట్టుకుని తిరగాలి, ముందుగా ఊరి నడిబొడ్డున బొండకొయ్య ఉండే చెక్క వేదిక మీద మూడు గంటలు అందరికీ కనపడేలా నిలబడాలి. ఇది హాథార్న్ ఊరికే ఊహించిన శిక్ష కాదు, మసాచుసెట్స్‌లో 1694లో నిజంగానే ఇలా అక్షరం కుట్టుకోవాలని చట్టం ఉండేది. కానీ హెస్టర్ ఏం చేసింది? ఆ అక్షరాన్ని బంగారు దారంతో, ఎంతో పనితనంతో ఎంబ్రాయిడరీ చేసుకుని జైలు గుమ్మం దాటి బయటికొచ్చింది. శిక్ష వేసింది వాళ్లు, కుట్టు మాత్రం ఆమెది. నాకు నవల మొత్తం ఆ ఒక్క సూది మొనలో ఉందనిపిస్తుంది. దీనికి పదేళ్లకి పైగా ముందే రాసిన ఒక చిన్న కథలో కూడా ఇలాంటి అమ్మాయి ఒక పేరాలో కనపడి మాయమవుతుంది, అంత బాగా కుట్టుకుంది కాబట్టి ఏ అంటే అడ్మిరబుల్, మెచ్చుకోదగ్గది అనుకున్నా అనుకోవచ్చు అంటాడు అక్కడ. అంటే అక్షరం ఒకటే, అర్థం జారిపోతుంది అన్న ఆలోచన ఆయన్ని ఏళ్ల తరబడి తొలుస్తూనే ఉంది.

ఆ జారుడు నవల్లో ఎలా నడుస్తుందో చూడండి. మొదట ఊరికి అది పాపం గుర్తు. ఏళ్లు గడిచేకొద్దీ హెస్టర్ రోగుల దగ్గర కూర్చుంటుంది, పేదలకి బట్టలు కుడుతుంది, చావు ఇళ్లలో తోడుంటుంది, అప్పుడు జనం ఏ అంటే ఏబుల్, సమర్థురాలు అనడం మొదలుపెడతారు. ఒక రాత్రి ఆకాశంలో ఉల్క రాలి వెలుగు గీత కనపడుతుంది, అదే రాత్రి గవర్నర్ విన్‌త్రాప్ చనిపోయాడు కాబట్టి ఊరివాళ్లు ఏ అంటే ఏంజెల్, గవర్నర్ గారు దేవదూత అయ్యారు అని సంబరపడతారు. అదే గీతని చూసిన పాస్టర్ డిమ్స్‌డేల్‌కి మాత్రం తన పాపమే ఆకాశమంత అక్షరంగా కనపడుతుంది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. కథకుడు అక్కడ ఒక మాట అంటాడు, తన బాధలో మునిగిపోయిన మనిషికి ఆకాశం మొత్తం తన గురించి రాసిన కాగితంలాగే కనపడుతుందని, అదొక మానసిక రోగమని. మనం ఆ సీన్‌ని ఉల్క ఈజ్ ఈక్వల్ టు పాపం అని నోట్స్‌లో రాసుకుంటే, కథకుడు రోగం అన్న పనినే మనమూ చేస్తున్నాం.

ఆ డిమ్స్‌డేలే పాప తండ్రి. ఊరందరూ దేవుడిలా చూసే యువ పాస్టర్. మొదటిరోజు హెస్టర్ వేదిక మీద నిలబడి ఉంటే పైన బాల్కనీలో నిలబడి, నీతోపాటు తప్పుచేసినవాడి పేరు చెప్పమ్మా అని అందరి ముందూ ఆమెని అడిగేది ఆయనే. ఆమె చెప్పదు. తేలుకుట్టిన దొంగ బతుకు ఆయనది, నొప్పి ఉంది, అరవడానికి లేదు. ఆమె గుర్తు బట్ట మీద ఉంది కాబట్టి రోజూ ఎండకి వానకి కొంచెం కొంచెం మారింది, ఆయన గుర్తు లోపల ఉంది కాబట్టి కుళ్లింది. ప్రసంగంలో నేను మహాపాపిని అని ఎన్నిసార్లు అన్నా జనం అబ్బ ఎంత వినయం అని ఇంకా పూజిస్తారు, అది ఆయనకీ తెలుసు, తెలిసే అంటాడు, అందుకే ఆ ఒప్పుకోలు కూడా అబద్ధమే. ఇంతలో హెస్టర్ అసలు భర్త చిల్లింగ్‌వర్త్ అనే మారుపేరుతో డాక్టరుగా వచ్చి అదే ఇంట్లో చేరి, మందిస్తున్నట్టే ఇస్తూ ఏళ్ల తరబడి ఈయన మనసు తవ్వుతుంటాడు. నవల మొత్తంలో క్షమించలేని పాపం ఎవరిది అంటే నా ఓటు ఈ డాక్టరుకే, హాథార్న్ ఓటు కూడా అటే అనిపిస్తుంది, ఎందుకంటే ఇంకొకరి గుండెని వస్తువులా ముందు పెట్టుకుని చల్లగా పరిశీలించే మనిషి ఆయన కథల్లో మళ్లీ మళ్లీ వస్తాడు, వచ్చిన ప్రతిసారీ నాశనమే.

చెక్క వేదిక మూడుసార్లు వస్తుంది, నవల మొదట్లో, సరిగ్గా మధ్యలో, చివర్లో. 24 అధ్యాయాల పుస్తకాన్ని ఆ మూడు గుంజలే నిలబెట్టాయి. మొదటిసారి పట్టపగలు హెస్టర్, పాప. పన్నెండో అధ్యాయంలో అర్ధరాత్రి, ఎవరూ చూడని టైంలో డిమ్స్‌డేల్ దొంగలా ఎక్కుతాడు, గవర్నర్ చావు దగ్గరినుంచి వస్తున్న తల్లీకూతుళ్లు వచ్చి చేతులు కలుపుతారు. రేపు మధ్యాహ్నం కూడా అమ్మతో నాతో ఇలా నిలబడతావా అని అడుగుతుంది పెర్ల్. రేపు కాదు, కడపటి తీర్పు రోజున అంటాడు. ఏడేళ్ల పిల్ల అడిగిన అంత సూటి ప్రశ్న ఊళ్లో ఏ పెద్దమనిషీ అడగలేదు. మూడోసారి పట్టపగలు, పండగ జనం మధ్య, ఆయన ఎక్కి ఒప్పుకుని అక్కడే ప్రాణం విడుస్తాడు.

పెర్ల్ గురించి ఇంకొంచెం చెప్పకుండా ముందుకి పోలేను. గైడ్లు ఆమెని నడిచే అక్షరం అని తేల్చేస్తాయి, నవల్లో కూడా ఆ పోలిక ఉంది నిజమే, హెస్టర్ ఆమెకి ఎర్రటి బట్టలే వేస్తుంది. కానీ ఆ పిల్లే గుర్తుల్ని ఊరికే వదలదు. సముద్రపు నాచుతో పచ్చటి ఏ చేసి తన గుండెల మీద పెట్టుకుని, దీనర్థం ఏంటమ్మా, పాస్టర్ గారు ఎప్పుడూ గుండె మీద చెయ్యి ఎందుకు పెట్టుకుంటారు అని అడుగుతుంది, రెండూ ఒకే ప్రశ్న అని ఆ వయసులోనే పసిగట్టింది. అడవిలో హెస్టర్ ఏడేళ్ల తర్వాత అక్షరం పీకి పారేసి, టోపీ తీసి జుట్టు విప్పుకుంటే ఒక్కసారిగా ఎండ పడుతుంది చెట్ల మధ్య, చదివేవాళ్లకి కూడా ఊపిరి ఆడుతుంది. వాగుకి అవతల ఉన్న పెర్ల్ మాత్రం దాటి రాదు. తల్లి గుండెల మీద ఖాళీ చోటుని వేలెత్తి చూపించి కాళ్లు నేలకేసి కొట్టి కేకలు పెడుతుంది, అక్షరం మళ్లీ పెట్టుకుంటేనే అమ్మ అంటుంది. ఊరికి అది శిక్ష, తల్లికి భారం, ఈ పిల్లకి మాత్రం పుట్టినప్పటి నుంచి కళ్లెదురుగా మెరిసిన మొదటి వస్తువు, అమ్మ ముఖంలో భాగం. అడవి అంటే స్వేచ్ఛ అన్న ఒక్క లైన్ ఆన్సర్ ఆ వాగు దగ్గరే ఆగిపోతుంది. అదే సీన్‌లో తండ్రి పెట్టిన ముద్దుని వాగునీళ్లతో కడిగేసుకుంటుంది, చివరి వేదిక మీద అందరి ముందూ ఒప్పుకున్న తర్వాతే ఆయన అడిగితే ముద్దుపెట్టుకుంటుంది, అప్పుడే ఏడుస్తుంది కూడా.

ఇంకొక్క సీన్. గవర్నర్ ఇంట్లో గోడకి వేలాడే ఉక్కు కవచం, అద్దంలా మెరిసిపోతూ ఉంటుంది, అందులో హెస్టర్ తనని తాను చూసుకుంటే ఆ వంపు వల్ల అక్షరం భూతంలా పెద్దదై, మనిషి దాని వెనక దాదాపు కనపడకుండా పోతుంది. ఇంతకంటే స్పష్టంగా అధికారం మనిషిని ఎలా చూస్తుందో చెప్పడం కష్టం. అన్నట్టు ఊళ్లో గవర్నర్ల కాలర్లకీ పసిపిల్లల టోపీలకీ పాడె మీద బట్టలకీ కూడా హెస్టర్ ఎంబ్రాయిడరీనే కావాలి, పెళ్లికూతురి ముసుగు మాత్రం ఒక్కసారి కూడా ఆమెతో కుట్టించరు.

ముసుగు అంటే ‘ద మినిస్టర్స్ బ్లాక్ వెయిల్’ గుర్తొస్తుంది, చిన్న కథల్లో నాకు ఇదే గొప్పది. హూపర్ అనే పాస్టర్ ఒక ఆదివారం ముఖానికి నల్ల ముసుగు వేసుకుని చర్చికి వస్తాడు, ఎందుకో చెప్పడు, చచ్చేదాకా తియ్యడు. మనిషి మెత్తనివాడు, ప్రసంగాలు మునుపటికంటే బాగా చెప్తాడు, అయినా పిల్లలు పారిపోతారు, పెళ్లికి వస్తే పెళ్లికూతురు వణికిపోతుంది, చేసుకోవాల్సిన అమ్మాయి ఒక్కసారి తీసి చూపించు చాలు అని బతిమాలి చివరికి వెళ్లిపోతుంది. ఏం పాపం చేశాడు అని కథంతా వెతుకుతాం, దొరకదు. చావు మంచం మీద ఆయన అనేది, నన్ను చూసి ఎందుకు వణుకుతారు, చుట్టూ చూస్తే ప్రతి ముఖం మీదా నల్ల ముసుగే కనపడుతోంది అని. రెండు మడతల గుడ్డముక్క, అంతే. ఊరంతా తమ తమ రహస్యాల్ని తెచ్చి దాని మీద పోశారు.

‘ద బర్త్‌మార్క్’లో ఐల్మర్ అనే సైంటిస్టు భార్య బుగ్గమీద చిన్న చెయ్యి ఆకారంలో ఉన్న ఎర్రటి పుట్టుమచ్చని చూసి తట్టుకోలేకపోతాడు. పెళ్లికి ముందు ఆమెని ప్రేమించినవాళ్లకి అది ఏదో దేవకన్య ముద్రలా కనపడేది, ఈర్ష్య పడే ఆడవాళ్లకి రక్తపు మరకలా, భర్తకి చావుకి గుర్తులా. మందు తాగిస్తాడు, మచ్చ పోతుంది, దానితోపాటే ఆమె ప్రాణం పోతుంది. ఈ కథలో హాథార్న్ తన మాటగా వచ్చి నీతి చెప్పేస్తాడు, అది లేకపోతే ఇంకా బాగుండేది. ‘రాప్పచ్చీనీస్ డాటర్’లో విషపు తోట, విషంతో పెంచిన కూతురు అంతా మరీ బరువెక్కిపోయి ఏది ఎటు లాగుతుందో తెలియదు, కానీ నాకంటే నీ మనసులోనే ఎక్కువ విషం లేదా అని చివర్లో బీట్రిస్ తన ప్రియుణ్ణి అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు లేదు.

‘ద హౌస్ ఆఫ్ ద సెవెన్ గేబుల్స్’ 1851లో వచ్చింది. ఒకడి నేల మీద కన్నేసిన కల్నల్ పించన్, ఆ పేదవాణ్ణి మంత్రగాడని ఉరితీయించే పనిలో ముందుంటాడు, ఆ నేలమీదే మేడ కడతాడు, ఉరికంబం మీద నుంచి ఆ మనిషి దేవుడు నీకు నెత్తురు తాగిస్తాడు అని శపిస్తాడు. ఆ శాపం 1692లో సారా గుడ్ అనే ఆమె ఉరితీసే ముందు నిజంగా ఒక పాస్టర్‌ని శపించిన మాటే. అన్యాయంగా వచ్చిన ఆస్తి తరతరాలని ఎలా పీల్చేస్తుందో మన ఇళ్లలో పెద్దవాళ్లు ఉసురు తగిలింది అంటారే, అచ్చం ఆ మాటకి సరిపోయే నవల. ఇల్లే మనిషిలా ముఖం పెట్టుకుని ఉంటుంది. చివర్లో వచ్చిపడే సుఖాంతం మాత్రం నన్ను ఒప్పించలేదు.

ఇలా ఒకే విషయానికి నాలుగు కారణాలిచ్చి ఏదీ తేల్చకుండా వదిలే పద్ధతిని విమర్శకుడు మాథీసెన్ బహుళ ఎంపిక కిటుకు అన్నాడు. డిమ్స్‌డేల్ చొక్కా విప్పి చూపించినప్పుడు గుండెమీద అక్షరం చూశామని కొందరు, అది తనని తాను కాల్చుకున్న గుర్తని ఒకరు, డాక్టర్ మందుల పని అని ఒకరు, లోపలి పశ్చాత్తాపమే బయటికి తొలుచుకొచ్చిందని ఇంకొకరు, అసలు అక్కడ ఏమీ లేదు, పుట్టిన పాప ఛాతీలా శుభ్రంగా ఉందని కొందరు. చదివేవాళ్లకి చిరాకు రావచ్చు, తేల్చి చెప్పొచ్చు కదా అని. కానీ తేల్చి చెప్పిన జడ్జి వంశంలో పుట్టినవాడు ఆయన. అర్థం నాకు తెలుసు అని నిబ్బరంగా చెప్పిన మనుషుల వల్లే 19 మంది ఉరికంబం ఎక్కారని తెలిసిన చెయ్యి ఆ కలం పట్టుకుంది. ఆ చీకటిని బాగా పసిగట్టినవాడు ఇంకో అమెరికన్ నవలా రచయిత హెర్మన్ మెల్విల్, 1851లో ‘మోబీ డిక్’ని హాథార్న్‌కే అంకితమిచ్చాడు.

చివరికి హెస్టర్ కూతురితో సముద్రం దాటి వెళ్లిపోతుంది, పెర్ల్ అక్కడెక్కడో సుఖంగా స్థిరపడుతుంది. కొన్నేళ్లకి హెస్టర్ ఒక్కతే తిరిగొస్తుంది. సముద్రం ఒడ్డున పాత గుడిసె తలుపు తీస్తుంది, అక్షరం మళ్లీ పెట్టుకుంటుంది, ఎవరూ పెట్టుకోమనలేదు, ఆ కాలంలో ఎంత కఠినమైన మేజిస్ట్రేటు కూడా ఆమెని అడిగే పరిస్థితి లేదు. మనసు గాయపడ్డ ఆడవాళ్లు ఆ గుడిసెకి వచ్చి తమ గోడు చెప్పుకుంటారు. చనిపోయాక డిమ్స్‌డేల్ సమాధి పక్కనే, కానీ కొంచెం ఎడంగా, ఇద్దరి మట్టీ కలవకుండా పూడుస్తారు, ఇద్దరికీ కలిపి రాయి మాత్రం ఒక్కటే. దాని మీద పేర్ల సంగతి చెప్పడు, నల్లటి నేపథ్యం మీద ఎర్రటి ఏ ఉందని మాత్రం చెప్పి పుస్తకం ముగిస్తాడు.